సాంచాలు వదిలి సూది పట్టిన సంగతి

మా బిల్డింగ్ మూడో అంతస్తు దాకా ఎక్కడా ఆగకుండా ఎక్కి, గడప మీద కూలబడకుండా లోపలికి నడిచి వెళ్లిన రోజున, ఇక ఇది రాయవచ్చని అనుకున్నాను. అంతకు ముందు కలం పట్టినా ఆయాసమే. మా మెట్లు మామూలు మెట్లు కావు. సూరత్‌లోని అమ్రోలిలో ఈ బిల్డింగ్ కట్టిన మేస్త్రీకి మనుషుల మీద ఏదో పాత పగ ఉండి ఉంటుంది, ఒక్కో మెట్టును ఒక్కో గుట్టలాగా పేర్చాడు. ఆ గుట్టలన్నీ ఎక్కి, చెప్పులు విడిచి, మంచినీళ్లు అడిగాను. మా ఆవిడ సువర్ణ గ్లాసు అందిస్తూ నా మొహంలోకి చూసి, "నడుమ ఆగినవా?" అంది. "ఆగలే" అన్నాను. ఆ పూట ఆమె పప్పులో నెయ్యి వేసింది. మా ఇంట్లో నెయ్యి వేశారంటే బంగారు పతకం మెడలో వేసినట్టే.

నా పేరు రాజేశం. కరీంనగర్ దిక్కు నేతపని చేసేవాళ్ల ఇంట్లో పుట్టి, మీసాలు సరిగ్గా రాకముందే సూరత్ రైలెక్కినవాణ్ణి. దిగిన మర్నాటి నుంచి మరమగ్గాలే. మావాళ్లు వాటిని సాంచాలంటారు. ఇన్నేళ్లలో నేను నేసిన బట్టంతా పరిస్తే తాపీ నదికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా దుప్పటి కప్పి, మిగిలిన ముక్కతో అరేబియా సముద్రానికి తువాలు ఇవ్వవచ్చు. కొంచెం ఎక్కువ చెప్పాననిపిస్తే సముద్రాన్ని తీసేయండి. నది దగ్గర మాత్రం నేను తగ్గను.

సాంచాల మధ్య మనిషి మాట మనిషికి వినపడదు. అక్కడ పెదవులు చూసి అర్థం చేసుకుంటాం, చేతులతో జవాబు చెప్తాం. రెండు వేళ్లు విరిచినట్టు చూపిస్తే పోగు తెగిందని. గాలిలో బొజ్జ గీస్తే కార్ఖానా యజమాని, మా సేట్ వస్తున్నాడని. ఆ చప్పుడులో ఇన్నేళ్లు బతికినందుకు నా చెవులు సగం పోయాయి, గొంతు మాత్రం రెండింతలు పెరిగింది. ఇంట్లో నేను "ఉప్పు అందుకో" అంటే కింది అంతస్తువాళ్లు అందుకుంటారు.

రోగం వచ్చింది రెండో విడత కరోనాలో, ఇరవై ఒకటో సంవత్సరం ఉగాది దాటాక. వచ్చిందని అందరికీ తెలిసింది, నాకు తప్ప. ఎందుకంటే అది దగ్గు రూపంలో వచ్చింది. సాంచాల మీద బతికేవాళ్లకు దగ్గు రోగం కాదు, హాజరు. ఎవడైనా పొద్దంతా దగ్గకపోతే పని ఎగ్గొట్టాడేమోనని అనుమానపడతాం. దానికి మా కార్ఖానాలో మందు కూడా ఉంది. ఒక రేకు డబ్బాలో బెల్లం. పని దిగాక తలా ఒక ముక్క నోట్లో వేసుకుంటే గొంతులో పట్టిన పోగుల దుమ్మంతా కడుపులోకి జారిపోతుందని మా నమ్మకం. నేను కూడా తిన్నాను. దగ్గు పెరిగింది, ముక్క పెంచాను. ఒక దశలో నేను తిన్న బెల్లంతో ఒక చిన్న గుడి కట్టవచ్చు.

"జర టెస్టు చేయించుకోరాదయ్యా" అంది సువర్ణ.

"దుమ్మే. బెల్లం తింటున్న గద."

"బెల్లం రుచి తెలుస్తుందా?"

అప్పుడు ఆగాను. అప్పటికి రెండు రోజులుగా బెల్లానికి రుచి లేదు. కార్ఖానా కొత్త డబ్బా కొన్నదనీ, కల్తీ సరుకనీ, సేట్ పిసినారితనానికి ఇదే సాక్ష్యమనీ నేను అందరికీ చెప్పి ఉన్నాను.

మా అమ్మాయి నందిని ఇక్కడే పుట్టి పెరిగింది, డిగ్రీ చదువుతోంది, ఒక వాక్యంలో మూడు భాషలు కలుపుతుంది. పక్కింటి నుంచి వేలికి పెట్టే మిషన్ తెచ్చింది. "బాపూ, ఉంగ్లీ దే" అని నా వేలికి తగిలించింది. అంకె చూసింది. మిషన్ తీసి దులిపింది. తన వేలికి పెట్టుకుని చూసింది. మళ్లీ నా వేలికి పెట్టింది.

"మిషన్ ఖరాబైంది" అన్నాను.

"మిషన్ మంచిగనే ఉంది బాపూ" అంది. ఆ పిల్ల నాతో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

చదివేవాళ్లకు ఒక మాట. దగ్గు వస్తే బెల్లం తినండి, తప్పు లేదు. తిని ఊరుకోకండి.

నది అవతల ఉన్న ఆస్పత్రి ముందు వరస. కార్లు, ఆటోలు, ఒక తోపుడు బండి కూడా. ఆ వరస తోక నా అంచనా ప్రకారం ముంబైలో ఉంది. లోపల మంచం ఖాళీ అయితే పిలుస్తామన్నారు. ఎలా ఖాళీ అవుతుందో ఎవరూ అడగలేదు. మమ్మల్ని తెచ్చిన ఆటో డ్రైవర్ ముసలాయన. దించేసి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. ఏప్రిల్ ఎండ. రోడ్డు పక్క చెట్టు నీడ జరిగినప్పుడల్లా ఇంజన్ వేయకుండా, దిగి, చేత్తో తోసి ఆటోను నీడలోకి జరిపాడు. పొద్దు గూకేదాకా అదే పని. సువర్ణ ఆయనతో, "చాచా, మీరు వెళ్లండి, మీకు అంటుకుంటది" అని హిందీలో చెప్తే, "నేను ముందు సీట్లో ఉన్నాను కదమ్మా" అన్నాడు. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య కరోనాకు సరిహద్దు గీసిన ఆ మహానుభావుడి పేరు కూడా నేను అడగలేదు.

మంచం దొరికింది. సువర్ణను గేటు దగ్గరే ఆపేశారు.

వార్డులో నాకొచ్చిన కష్టం మీరు ఊహించలేరు. అక్కడ అందరికీ మాస్కులు. పెదవులు చూసి బతికేవాణ్ణి, నా ముందు పెదవులే లేవు. తెల్ల ముసుగులు వస్తాయి, కళ్లు ఆడిస్తాయి, వెళ్తాయి. నేను అన్నిటికీ తలూపాను. ఏమేమి ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలియదు. నా కిడ్నీలు రెండూ ఇంకా నా దగ్గరే ఉన్నందుకు ఆ ఆస్పత్రికి కృతజ్ఞుణ్ణి.

మొదటి రోజు సిస్టర్ ఏదో చెప్తోంది, నేను తలూపుతున్నాను, ఆమె మళ్లీ అదే చెప్తోంది. అప్పుడు పక్క మంచం మీది మనిషి చేయి ఎత్తాడు. అరచేతిని బోర్లించి చూపించాడు. వెంటనే నేను బోర్లా తిరిగి పడుకున్నాను. సిస్టర్ ఆశ్చర్యపోయి ఇద్దర్నీ చూసింది. అతని పేరు కైలాస్, ఒరిస్సావాడు, అతనూ సాంచాల మనిషే. వేరే కార్ఖానా, కానీ చేతుల భాష సూరత్ అంతా ఒకటే. అతని ముక్కుకు మాస్కు, నా ముక్కుకు మాస్కు, ఇద్దరికీ ఊపిరి కరువు. అయినా మేమిద్దరం మాట్లాడుకున్నంతగా ఆ వార్డులో ఎవరూ మాట్లాడుకోలేదు. పెద్ద డాక్టర్ వస్తుంటే కైలాస్ గాలిలో బొజ్జ గీసేవాడు. ఆ డాక్టర్ సన్నగా పుల్లలా ఉంటాడు పాపం. నవ్వితే దగ్గు, దగ్గితే సిస్టర్ తిట్లు.

అతని మంచం కిటికీ పక్కన. ప్రతి మధ్యాహ్నం కిందికి చూసి, నా వైపు తిరిగి, నొసట వేలితో బొట్టు పెట్టుకున్నట్టు చూపించి, అరచేతిని నిలువుగా నిలబెట్టేవాడు. మీ ఆవిడ వచ్చింది, నిలబడి ఉంది అని. టిఫిన్ డబ్బా లోపలికి వచ్చేసేది. కాసేపయ్యాక నేను చూపులతో అడిగితే మళ్లీ అరచేయి నిలువుగానే. ఇంకా నిలబడే ఉంది.

మా ఎదురు మంచం మీద మనుషులు మారుతూ ఉండేవారు. మారినప్పుడల్లా మేమిద్దరం కాసేపు చేతులు దుప్పట్లో పెట్టుకునేవాళ్లం.

కాస్త తేరుకున్నాక ఫోన్ ఇచ్చారు. "సువర్ణా, తిన్నవా?" అన్నాను.

"గట్టిగ మాట్లాడు" అంది.

"వినపడుతలేదా?"

"వినపడుతుంది. అందుకే చెప్తున్న. గట్టిగ మాట్లాడు."

గాలంతా కూడదీసుకుని, "తిన్నవా" అని అరిచాను. అరుపు కాదది, పిల్లికూన చేసే చప్పుడు. అటువైపు ఏడుపు మొదలైంది. పెళ్లయిన దగ్గర్నుంచి మెల్లగా మాట్లాడమని బతిమాలిన మనిషి, మెల్లగా మాట్లాడితే ఏడ్చింది.

నాకంటే ముందు కైలాస్‌ను ఇంటికి పంపారు. చక్రాల కుర్చీలో గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, గాలిలో పిడి పట్టుకుని లాగినట్టు చేశాడు. సాంచా నడిపించు, ఆపకు అని. నేనూ లాగాను.

నన్ను పంపేటప్పుడు ఆ పుల్లలాంటి డాక్టర్ చాలాసేపు చెప్పాడు. నందిని నాకు అర్థమయ్యేలా తిప్పి చెప్పింది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి, మెల్లమెల్లగా కోలుకుంటాయి, కానీ దుమ్ములో పని ఇక వద్దు. "ఇక అంటే ఎన్ని రోజులు?" అన్నాను. నందిని డాక్టర్‌ను అడగలేదు. "ఇక అంటే ఇక, బాపూ" అంది.

నేను తలూపాను. సేట్ మాటలకు తలూపినట్టే. వినడం వేరు, మానడం వేరు.

వానలు మొదలయ్యాయి. నేను మంచం మీద, సువర్ణ ముందు గదిలో. లాక్‌డౌన్ మొదటి విడత నుంచే ఆమె చీరల మీద చెమ్కీలు, పూసలు కుట్టే పని ఇంటికి తెచ్చుకునేది. చీరను నాలుగు కర్రల చట్రానికి బిగించి కూర్చుంటారు. ఎదురింటి జశుబెన్, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి చేరతారు. వాళ్ల చేతులు ఎంత మెత్తగా ఆడతాయో నోళ్లు అంత గట్టిగా ఆడతాయి. నా సగం చెవులకు కూడా అమ్రోలి వార్తలన్నీ చేరేవి.

సువర్ణ కంటినిండా నిద్రపోవడం మానేసింది. పగలు నేను కునుకు తీస్తే వంటింట్లో గిన్నె పడేది. నేను ఉలిక్కిపడి లేస్తే గుమ్మంలో నిలబడి నా ఛాతీ వైపు చూసి, "చెయ్యి జారింది" అనేది. ఆ వానాకాలమంతా మా ఇంట్లో గిన్నెలు జారుతూనే ఉన్నాయి. ఒక్క గిన్నె కూడా సొట్ట లేకుండా మిగల్లేదు.

దసరా ముందు నాలో పురుగు తొలిచింది. మగ్గం మీద బతికినవాణ్ణి మంచం మీద ఏం చేస్తాను? కటింగ్ చేయించుకొస్తానని చెప్పి కార్ఖానాకు వెళ్లాను. నన్ను చూసి మావాళ్లు చేతులెత్తారు. నా జోడీ మల్లేశం, మా జిల్లావాడే, నాకంటే చిన్నవాడు, తన సాంచాలు వదిలి పరిగెత్తుకొచ్చాడు. చప్పుడు ఒంట్లోకి ఎక్కింది. నా సాంచా ముందు నిలబడ్డాను. పెళ్లికొడుకు కూడా పీటల మీద అంత గర్వంగా కూర్చోడు.

నాడె చేతిలోకి తీసుకున్నాను. నాడె అంటే పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే చెక్క పడవ. దాని కడుపులో దారపు కండె పెట్టాలి. పక్కన సూది మొనంత రంధ్రం ఉంటుంది. దానికి పెదవులు ఆనించి గాలి లోపలికి పీలిస్తే దారం కొస బయటికి వస్తుంది. రోజుకు ఎన్నిసార్లు పీలుస్తామో లెక్కే లేదు. నేను సువర్ణకంటే నాడెకే ఎక్కువ ముద్దులు పెట్టాను, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

పెదవులు ఆనించాను. పీల్చాను. దారం రాలేదు. కండె సరిచేసి మళ్లీ పీల్చాను. కళ్లముందు నల్లటి చుక్కలు వచ్చాయి, దారం రాలేదు. మూడోసారి పీలిస్తే దగ్గు తెర మొదలై, సాంచా చట్రం పట్టుకుని నిలబడ్డాను. చుట్టూ ఉన్నవాళ్లు ఉన్నట్టుండి తమ పోగులు చూసుకోవడం మొదలుపెట్టారు. నా పరువు కోసం తలలు తిప్పేసుకున్నారు.

మల్లేశం వచ్చాడు. ఆ రోజుల్లో పక్కింటివాడు తాకిన గొళ్లాన్ని కూడా జనం కొంగుతో పట్టుకునేవారు. అతను నా చేతిలోంచి, నా నోటి తడి ఆరని ఆ నాడెను తీసుకున్నాడు. చొక్కాకు ఒక్కసారి రుద్దాడు. నోటికి ఆనించుకుని పీల్చాడు. దారం కొస పట్టి నాకు అందించి తన సాంచాల దగ్గరికి వెళ్లిపోయాడు. కండె అయిపోయిన ప్రతిసారీ వచ్చాడు. నేను చేయి ఊపి పిలవాల్సిన పని కూడా లేకపోయింది. తన సాంచాలు, నా సాంచాలు, రెండు వరసల మధ్య పరిగెత్తాడు. మధ్యాహ్నానికి అతని చొక్కా పిండితే తాపీకి వరద వచ్చేది.

బయటికి వచ్చాక, "రేపు గూడ రా అన్నా. నేనున్న గద" అన్నాడు, పెదవులు తుడుచుకుంటూ.

"అట్లనే" అన్నాను. రానని నాకు తెలుసు. అతనికి కూడా తెలిసే ఉంటుంది, ఎందుకంటే బెల్లం ముక్క నా జేబులో వేసి, భుజం మీద చేయి తీయకుండా రోడ్డు దాకా వచ్చాడు.

ఇంటికి వెళ్లేసరికి సువర్ణ నా మొహం చూసి, "మంగలి షాపుల కనుబొమ్మలకు పోగులు అతికిస్తున్నరా?" అంది.

నేను తుడుచుకున్నాను. చెప్పడానికి నా దగ్గర ఒక మహాభారతమంత అబద్ధం ఉంది. నోరు తెరిచాను కానీ ఆమె ముందే మొదలుపెట్టింది.

"నన్ను లోపలికి రానియ్యలే. ఆ రోడ్డు మీద నిలబడ్డ. ఎవల్ని బయటికి తెచ్చినా నువ్వేనేమోనని చూసిన. గా పని మళ్ల నాతోని కాదు. నువ్వు సాంచాల మీదికి పోతే పో. నేను మాత్రం మళ్ల నిలబడ."

నేను అన్నం తినే పీట మీద కూర్చున్నాను. "దారం రాలే" అన్నాను. ఆమెకు అర్థమైంది. నేతపని ఇంటి ఆడబిడ్డ. నా పక్కన కూర్చుని కనుబొమ్మల్లోంచి పోగులు ఒక్కొక్కటే ఏరింది.

మర్నాడు ఆమె చట్రం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. "నన్ను పనిల పెట్టుకుంటవా?"

"పని వచ్చా?"

"ఇన్నేండ్లు సాంచాలు నడిపినోన్ని."

"గది అడగలే. పని వచ్చా?"

"రాదు."

"కూసో మరి. జర అటు జరుగు, వెల్తురు ఆపకు."

నలుగురు ఆడవాళ్ల మధ్య ఒక మీసాల మనిషి. జశుబెన్ మొదటి రోజు నా చేతివైపు చూసి, "రాజేశ్ భాయ్, సూయి హై, తల్వార్ నహీ" అంది. సూది కాదది, వెంట్రుకకు పుట్టిన పిల్ల. దాని కొసతో ఆవగింజకు తమ్ముడిలాంటి పూసను ఏరుకుని గుచ్చాలి. నేను గుచ్చిన మొదటి పూస నా వేలిలోకి దిగింది. రెండోది కూడా. పొద్దంతా గజాల కొద్దీ నేసినవాణ్ణి, పొద్దంతా కూర్చుని ఒకటిన్నర పువ్వు కుట్టాను. ఆ ఒకటిన్నరను సువర్ణ సాయంత్రం విప్పేసింది. "బేరగాడు వాపస్ చేస్తడు" అంది. మా సేట్ కూడా నన్ను ఇంత అన్యాయంగా చూడలేదు.

కానీ మెల్లగా వచ్చింది. తెగిన పోగును ముడి కనపడకుండా కలపడం చేతికి ఉన్న విద్యే కాబట్టి, నా కుట్టు వెనకవైపు శుభ్రంగా ఉండేది. జశుబెన్ చీర తిరగేసి చూసి, తన పని పక్కన పెట్టి, ముడి ఎలా వేస్తావో చూపించమంది. ఆ రోజు నేను ఎంత పొంగిపోయానంటే చొక్కా గుండీలు తమంతట తామే ఊడాయి. అక్కడ చప్పుడు లేదు, దుమ్ము లేదు. అందరి పెదవులూ కనపడతాయి. ఆడవాళ్ల మాటలన్నీ నాకు అర్థం కావడం మొదలయ్యాక వాళ్లే గొంతు తగ్గించారు.

అయినా పూర్తిగా కుదుటపడ్డానని చెప్పను. వీధిలో మావాళ్లు పని దిగి దుమ్ము దులుపుకుంటూ వెళ్తుంటే కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. సువర్ణ చూసేది.

దీపావళి తర్వాత ఒక మధ్యాహ్నం మా సేట్ ఆ గుట్టల్లాంటి మెట్లన్నీ ఎక్కి ఇంటికి వచ్చాడు. నాకంటే ఎక్కువ ఆయాసపడ్డాడు. కుర్చీ వేశాం. సువర్ణ చాయ్ పెట్టడానికి లేచింది. సేట్ చట్రం వైపు, నా చేతిలో సూది వైపు చూసి, "రాజేశ్ భాయ్, యే క్యా?" అన్నాడు. తర్వాత విషయం చెప్పాడు. మాస్టర్‌గా రమ్మన్నాడు. సాంచా ముట్టే పని లేదు. కుర్చీలో కూర్చుని అందరి పనీ చూసుకుంటే చాలు. ఇన్నేళ్లు నేను కోరుకున్న కుర్చీ అది. అది ఎంత ఎత్తైన కుర్చీ అంటే, నా కళ్లకు ఢిల్లీలో ఉన్నవి దాని ముందు పీటలే.

వంటింట్లో చాయ్ కలిపే చప్పుడు ఆగిపోయింది. చట్రం చుట్టూ మూడు సూదులు గాలిలో ఆగాయి.

"కుర్చీ ఎక్కడ వేస్తారు సేట్? లోపలా, బయటా?" అన్నాను నా హిందీలో.

"అందర్ హీ. బయట కూర్చుని ఏం చూస్తావు?"

"అయితే వద్దు సేట్."

"సోచ్ లో." ఆలోచించుకోమన్నాడు.

"సోచ్ లియా."

ఆయన మంచివాడే. చాయ్ తాగాడు, ఇంకోసారి అడిగాడు, నా జవాబు మారకపోతే భుజం తట్టి గుట్టలు దిగి వెళ్లాడు. సువర్ణ కప్పులు తీసింది. వచ్చి తన చోట కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంది. రెండు పూసలు గుచ్చింది. మూడో పూస గుచ్చకుండానే తల గోడకు ఆనింది. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే నిద్రపోయింది. పట్టపగలు, చేతిలో సూదితో, నోరు కొంచెం తెరుచుకుని.

జశుబెన్ ఏదో అనబోయి సువర్ణను చూసి ఆగిపోయింది. మిగతా ఇద్దరికీ కళ్లతో చెప్పింది. ఆ ముగ్గురూ మాట లేకుండా ఒక్క ఘడియ గడపడం అమ్రోలి పుట్టాక అదే మొదటిసారి. కింద వీధిలో కూరగాయల బండివాడు అరిస్తే ఒకావిడ కిటికీ మూసి వచ్చింది.

నేను సువర్ణ వేళ్ల మధ్య నుంచి సూది మెల్లగా తీసుకుని, ఆమె సగంలో వదిలిన పువ్వు పూర్తి చేశాను. ఒక రేక వంకరగా వచ్చింది. విప్పుదామని సూది పెట్టి, మానేశాను. లేచాక తిట్టడానికి ఆమెకు ఏదో ఒకటి ఉండాలి కదా.